వార్షిక నివేదిక 2025–26: థాయ్ ప్రవాస పత్రికలపై మన పఠన వేదిక పని

సభ్యులందరికీ నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో మీరు ఆమోదించిన ప్రకారం ఈ ఏడాదంతా ఒకే విషయం చదివాం. సైనిక పాలన తట్టుకోలేక దేశం విడిచిన థాయ్ ప్రజాస్వామ్యవాదులు బయట నడిపిన పత్రికలు, ప్రసారాలు మన అంశం. ‘థాయ్‌లాండ్ గొడవ మనకెందుకు’ అని మొదట్లో కొందరు అడిగారు. అడగాల్సిన మాటే. మన స్వాతంత్ర్యం కోసం గదర్ పత్రిక శాన్‌ఫ్రాన్సిస్కోలో అచ్చయ్యేది. ఆ పత్రిక నడిపిన గదర్ పార్టీలో పనిచేసిన దరిశి చెంచయ్యగారు మొదటి ప్రపంచయుద్ధ కాలంలో పట్టుబడింది సయాంలో, అంటే నేటి థాయ్‌లాండ్‌లోనే. ఆ సంగతి తెలిశాక అడిగినవాళ్లే ముందు వరసలో కూర్చున్నారు.

ఎక్కువ కాలం 1976 దగ్గరే ఆగిపోయాం. ఆ ఏడు అక్టోబర్ 6న బ్యాంకాక్‌లోని థమ్మసాత్ విశ్వవిద్యాలయంలో విద్యార్థుల మీద పోలీసులు, సాయుధ మూకలు విరుచుకుపడ్డారు. సర్కారు లెక్క ప్రకారమే 46 మంది చనిపోయారు. సాయంత్రానికి సైన్యం గద్దెనెక్కింది. విశ్వవిద్యాలయ అధిపతి పుయ్ ఉంగ్‌పాకోర్న్ రాజీనామా చేసి విమానాశ్రయానికి వెళ్లారు. అక్కడ ఆయన ఫోన్‌లో మాట్లాడుతుండగా ఒక పోలీసు అధికారి రిసీవర్‌ను చేతిలోంచి కొట్టేసి, నోటికొచ్చినట్టు తిట్టాడు. పుయ్ అంతకు ముందు పన్నెండేళ్లు దేశ కేంద్ర బ్యాంకు గవర్నరు, 1965లో మెగసెసే పురస్కారం అందుకున్న మనిషి. అంతటివాడికే ఆ మర్యాద దక్కితే, పేరు లేని విద్యార్థి గతి ఏమిటి?

లండన్ చేరిన పుయ్ అక్కడి నుంచి ‘మిత్ర థాయ్’ అనే పత్రిక మొదలుపెట్టారు. స్వదేశంలో గద్దెనెక్కిన సైనికాధికారులు పత్రికలను మూయించారు, పుస్తకాలను నిషేధించారు. రాజును కించపరిచారన్న నేరానికి శిక్షను కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా పదిహేనేళ్లుగా పెంచారు. అది నేటికీ అలాగే ఉంది. ఎమర్జెన్సీ రోజులు చూసిన మన పెద్దలు ఈ దగ్గర బాగా మాట్లాడారు. 1977 మార్చిలో మనకు ఊపిరాడింది, వాళ్లకు ఆడలేదు. ఆ ఏడాదే పుయ్ అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం ముందు తన దేశ పరిస్థితి వివరించారు. కొన్నాళ్లకే పక్షవాతం వచ్చి మాట దాదాపు పడిపోయింది. 1999లో లండన్‌లోనే కన్నుమూశారు.

అడవిబాట పట్టిన విద్యార్థులు వినే రేడియో వేరు. అది థాయ్ కమ్యూనిస్టు పార్టీది, చైనాలోని యున్నాన్ నుంచి వచ్చేది. చైనాకు థాయ్ ప్రభుత్వంతో స్నేహం కుదిరేసరికి 1979లో ఆ గొంతు ఆగిపోయింది. పరాయి సర్కారు నీడన నడిచే ప్రచారానికి ఈ గండం తప్పదని నా అభిప్రాయం. కొందరు సభ్యులు ఒప్పుకోలేదు, ఆ చర్చ ఇంకా తెగలేదు.

2014 సైనిక కుట్ర తర్వాతి కథ చదివిన రోజు అందరికీ మనసు వికలమైంది. లావోస్ నుంచి యూట్యూబ్‌లో ప్రసంగాలు చేసిన సురాచాయ్ 2018 డిసెంబర్‌లో మాయమయ్యారు. ఆయన అనుచరులు ఇద్దరి శవాలు కడుపులో కాంక్రీటుతో మెకాంగ్ నదిలో తేలాయి. 2020 జూన్ 4న కంబోడియా రాజధాని నాంపెన్‌లో, అక్కడ తలదాచుకున్న థాయ్ ఉద్యమకారుడు వాంచలేర్మ్ సత్సక్‌సిత్‌ను పట్టపగలు కారులో ఎత్తుకుపోయారు. అప్పుడాయన అక్కతో ఫోన్‌లో మాట్లాడుతున్నారు. ఊపిరాడడం లేదన్న తమ్ముడి కేక ఆమెకు వినిపించింది. నేటికీ ఆచూకీ లేదు. ఆమె మాత్రం అడగడం మానలేదు.

అందుకే వీటిలో నన్ను ఎక్కువగా పట్టుకున్నవి పేర్లు, తేదీలు, చోట్లు. ఎవరిని ఎప్పుడు ఎక్కడ పట్టుకెళ్లారో ఒక్క చోట రాసిపెట్టి ఉంటే, చంపినవాడు కాదనలేడు.

అక్టోబర్ 6 ఘటనలపై పుయ్ రాసిన వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాం. ముసాయిదా సిద్ధమైంది. థాయ్ పేర్ల ఉచ్చారణ సరిచూడాలి, హక్కుదారుల అనుమతి రావాలి. ఈ లోపు అచ్చు వేయం.

జమాఖర్చుల పట్టిక జతచేశాం. చందా పెంచడం లేదు. 2026 అక్టోబర్ 6కు థమ్మసాత్ ఘటన జరిగి యాభై ఏళ్లవుతుంది. ఆ రోజు సభ పెట్టాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. ప్రూఫులు దిద్దగలవారు, థాయ్ చదవడం వచ్చినవారు తెలిసి ఉంటే దయచేసి చెప్పండి.

కార్యదర్శి