సర్టిఫికెట్‌కి డబ్బులు కట్టకురా, ఆగు

ఒరేయ్ శీనూ,

మీ చీరల షాపు సైట్ తెరిస్తే క్రోమ్‌లో "నాట్ సెక్యూర్" అని వస్తోందన్నావ్ కదా, అది నీ ఒక్కడికే కాదురా, 2018 జులై నుంచి హెచ్‌టీటీపీ సైట్లన్నిటికీ, అంటే డేటాని దారిలో ఎవరూ చదవకుండా ఎన్‌క్రిప్షన్ లేనివాటికి, అలాగే చూపిస్తోంది. అది పోవాలంటే సర్టిఫికెట్ కావాలి, అంటే డొమైన్ (సైట్ పేరు) నీదేనని చెప్పి ఎన్‌క్రిప్షన్‌కి దారిచ్చే డిజిటల్ పత్రం. దానికి హోస్టింగ్ వాడు (నీ సైట్‌కి సర్వర్ ఇచ్చినవాడు) ఏడాది ప్యాకేజీ అంటూ వేలల్లో అడుగుతున్నాడా? పైసా ఇవ్వకు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అని సర్టిఫికెట్లిచ్చే సంస్థ ఒకటుంది, వాళ్ళు 2015 డిసెంబర్ నుంచి ఎవరడిగినా ఫ్రీగా ఇస్తున్నారు, ఎన్‌క్రిప్షన్‌లో తేడా ఏం ఉండదు. ఎక్కువ డబ్బులు పెడితే కంపెనీ పేరు కూడా చెక్ చేసి ఇస్తారు, కానీ చీర కొనేవాళ్ళు అది తెరిచి చూస్తారా ఏంటి.

నీ సర్వర్‌లో సర్ట్‌బాట్ (సర్టిఫికెట్ అడిగి తెచ్చే ప్రోగ్రాం) వేసి రన్ చెయ్యి. అది నీ సైట్‌లో ఒక చిన్న ఫైల్ పెడుతుంది, లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ళ సర్వర్లు బయట్నుంచి పోర్ట్ 80 (సర్వర్‌లోకి మామూలు హెచ్‌టీటీపీ వచ్చే దారి) మీద వచ్చి ఆ ఫైల్ కనపడిందంటే డొమైన్ నీ చేతిలోనే ఉందని సర్టిఫికెట్ ఇచ్చేస్తాయి, అంతే. అందుకే సెక్యూరిటీ పేరు చెప్పి ఫైర్‌వాల్‌లో 80 మూసేయకు, మూసేస్తే రెన్యూవల్ దగ్గర ఏడుస్తావ్. ముందు డ్రై రన్ (ఉత్తుత్తి ప్రయత్నం) కొట్టి చూడు, ఎందుకంటే నిజంగా అడిగినప్పుడు గంటలో ఐదుసార్లు ఫెయిలైతే కాసేపు ఆగమంటారు.

అసలు తలనొప్పంతా రెన్యూవల్‌దే. సర్టిఫికెట్ 90 రోజులే, సర్ట్‌బాట్ టైమర్ దానంతటదే రెన్యూ చేస్తుంది గానీ ఇంజిన్‌ఎక్స్‌ని (సైట్‌ని జనానికి చూపించే సర్వర్ ప్రోగ్రాం) రీలోడ్ చెయ్యకపోతే పాతదే చూపిస్తూ కూర్చుంటుంది, కొత్తది డిస్క్‌లో పడుంటుంది! ఎక్స్‌పైరీ మెయిల్స్ వస్తాయిలే అనుకోకు, 2025 జూన్‌లో అవి ఆపేశారు. గడువు చూసి చెప్పే వేరే మానిటరింగ్ సర్వీస్ ఏదైనా పెట్టుకో. పైగా కొన్న సర్టిఫికెట్ అయినా 2026 మార్చి 15 నుంచి ఇచ్చేది 200 రోజులు దాటకూడదు, 2029 మార్చికి 47 రోజులే, చేత్తో మార్చుకుంటూ కూర్చునే పనేనా అది.

ఇంకోటి, సర్టిఫికెట్ ఉంటే సైట్ మంచిదని కాదురా, దొంగ బ్యాంకు సైట్‌కి కూడా ఉంటుంది. జనం అలా నమ్మేస్తున్నారనే 2023లో క్రోమ్ వాళ్ళు తాళం బొమ్మ తీసేశారు. సర్టిఫికెట్లు ఇచ్చేవాళ్ళనీ గుడ్డిగా నమ్మలేం, 2014లో మన ఎన్‌ఐసీ (కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ) నుంచే గూగుల్ పేరు మీద అనుమతి లేని సర్టిఫికెట్లు బయటకొచ్చాయి, విండోస్ వాటిని నమ్మేది కూడా. ఇప్పుడు అలాంటివి దొరికిపోవాలని ఇచ్చిన ప్రతి సర్టిఫికెట్టూ పబ్లిక్ లాగ్‌లో (ఎవరైనా చూడగల జాబితాలో) పడుతుంది. అంటే నువ్వు ఎవరికీ తెలీదనుకుంటున్న ఆ టెస్ట్ సబ్‌డొమైన్ (నీ సైట్ పేరు కిందే పెట్టుకున్న ఇంకో పేరు) కూడా ఊరందరికీ కనపడుతుందన్నమాట, దానికి పాస్‌వర్డ్ పెట్టి చావు.

అన్నీ చేశాక కూడా బ్రౌజర్ గొణిగితే పాత చీరల ఫొటోల లింకులు చూడు, హెచ్‌టీటీపీఎస్ కాకుండా ఉత్త హెచ్‌టీటీపీతో మొదలయ్యేవి ఉండిపోయి ఉంటాయి. ఆదివారం ఖాళీనే, ఫోన్ చెయ్యి, స్క్రీన్ షేర్ చేస్తే చూద్దాం.

నీ
రవి