హుక్కు కూడా చూసి కొనండి

ఎడిటర్ గారికి నమస్కారం. శ్రావణమాసం కదా, పేపర్లో రోజూ బంగారం రేట్లు వస్తున్నాయి, తరుగు గురించి మజూరీ గురించి కూడా రాస్తున్నారు, మంచిదే. కానీ నగని ఒంటి మీద నిలబెట్టే హుక్కు, రింగు, సీల, మర గురించి ఒక్క ముక్క రాయట్లేదు. నేను తెనాలిలో నగల రిపేరు పని చేస్తాను. తెగి వచ్చే గొలుసుల్లో చాలావరకు గొలుసు బాగానే ఉంటుంది, పోయేది హుక్కు తగిలించే రింగే. రోజూ రాసుకుని రాసుకుని ఒక పక్కే అరిగి వెంట్రుకంత అయిపోతుంది, ఇక చంటిపిల్లాడు పట్టుకుని లాగినా చాలు.

కొనేటప్పుడు ఆ రింగు కొసలు కలిసే చోట చూడండి. టంకం పెట్టి బాగా అతికితే గీత కూడా కనపడదు, ఊరికే నొక్కి వదిలేస్తే సందు ఉంటుంది, పైట దారం అందులో చిక్కుకుంటుంది. అలా ఉంటే అక్కడే కూర్చుని అతికించుకుని రండి, పుస్తెలతాడుకైతే మరీను. ఎస్ హుక్కు వాడగా వాడగా నోరు తెరుచుకుంటుంది, అప్పుడప్పుడు బిగించుకోవాలి. స్ప్రింగు హుక్కు లోపలి స్ప్రింగు మామూలుగా స్టీలుదే, మంట తగిలితే బిగువు పోతుంది, అతికేవాళ్లు దాన్ని తప్పించి అతకాలి. ఇంకోటి, మాటీలు అందానికే అనుకుంటారు చాలామంది, బరువు బుట్టలు పెట్టుకున్నప్పుడు చెవి తమ్మె సాగకుండా కాసేది అవే.

అసలు నా బాధ హాల్‌మార్క్ దగ్గర, అంటే బంగారం స్వచ్ఛతకి వేసే ముద్ర దగ్గర. హాల్‌మార్క్ తప్పనిసరి అయిన జిల్లాల్లో 2023 ఏప్రిల్ 1 నుంచి అంకెలూ అక్షరాలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ నంబరు (ఒక్కో నగకి విడిగా ఇచ్చేది) లేకుండా కొత్త నగ అమ్మకూడదు. అయితే 2 గ్రాముల లోపు వస్తువుకి ఆ రూలు లేదు. గొలుసు మీద ముద్ర ఉంటుంది సరే, రేపు హుక్కు విరిగిపోయి కొత్తది వేయించుకుంటే, దిద్దు మర ఎక్కడో పడిపోయి విడిగా కొంటే, అవి చాలాసార్లు గ్రాము కూడా తూగవు, ముద్ర ఉండదు, షాపాయన నోటిమాటే మనకి ఆధారం. గట్టిగా ఉంటుందని మరలకి 18 క్యారెట్లు వాడితే నేను తప్పు అనను, ఆ సంగతి చెప్పి ఆ రేటే తీసుకోవాలి. 22 క్యారెట్లు అంటే 91.6 శాతం బంగారానికి డబ్బులు కట్టించుకుని 18 క్యారెట్లు అంటే 75 శాతంది చేతిలో పెడితే మాత్రం అది మోసమే, పావు గ్రాము అయినా సరే.

అందుకని బిల్లులో హుక్కు, మర బరువూ క్యారెట్టూ విడిగా రాయాలని షాపులవాళ్లని కోరుతున్నాను. బంగారం స్వచ్ఛత చూపించే మిషను, క్యారెట్ మీటర్, ఉన్నవాళ్లు ఆ చిన్న ముక్కని కూడా కస్టమర్ ఎదురుగా పెట్టి చూపించాలి. ఆడపడుచులకి కూడా ఒక మాట, రిపేరుకి ఇచ్చేముందు, తీసుకున్నాక రెండుసార్లూ తూకం వేయించండి, విరిగిన పాత హుక్కు మీ బంగారమే కాబట్టి అడిగి తీసుకోండి.

ఇట్లు,
ఒక స్వర్ణకారుడు, తెనాలి