కాపీని ఆపాల్సింది ప్రశ్న దగ్గరే

సంపాదకులకు,

డిగ్రీ అసైన్‌మెంట్లలో కాపీ మాట వచ్చినప్పుడల్లా కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ కొనమనే సలహా వినిపిస్తుంది. 2018 నాటి యూజీసీ నిబంధనలు పరిశోధన గ్రంథాల్లో ఇతర రచనలతో ఉండే పోలికకు 10, 40, 60 శాతం హద్దులు పెట్టాయి గానీ అసైన్‌మెంట్లను, ప్రాజెక్టు రిపోర్టులను మినహాయించాయి. పైగా తెలుగు మీడియంలో ఆ సాఫ్ట్‌వేర్‌ను నమ్ముకోలేం. ఇంగ్లిష్ పేజీని మెషీన్‌తో తెలుగు చేయిస్తే పోలిక సులువుగా దొరకదు. యూనికోడ్ కాని పాత డీటీపీ అక్షరాల్లో, అంటే అను ఫాంట్లలో, ఉన్న పాత పుస్తకాన్ని యూనికోడ్‌లో మళ్లీ కొడితే అసలే దొరకదు.

మార్చాల్సింది ప్రశ్నను. ‘నిరుద్యోగం: కారణాలు, నివారణ’ అని ఇస్తే క్లాసు మొత్తానికి ఒక్క గైడు చాలు. అదే, దగ్గర్లోని రైతు బజారులో ఒక వారంలో మూడు రోజులు టమాటా ధర రాసుకుని, బయటి తోపుడు బండి ధరతో పోల్చి, తేడాను గిరాకీ, సరఫరా పాఠంతో వివరించమంటే గైడు చేతులెత్తేస్తుంది. అంకెలు ఇంట్లో కూర్చుని అల్లేయకుండా ధరల బోర్డు ఫొటో జత చేయమనాలి. ఏటా సరుకైనా మార్చాలి. లేకుంటే సీనియర్ల రికార్డే తిరిగొస్తుంది.

మార్కులన్నీ చివరి ప్రతికే పెడితే పని ఆఖరి రాత్రికి చేరుతుంది, జిరాక్స్ షాపు గుర్తొచ్చేది అప్పుడే. 20 మార్కులనుకుంటే అంకెల పట్టికకు 4, చిత్తుప్రతికి 6, చివరి ప్రతికి 6, మౌఖికానికి 4 ఇవ్వొచ్చు. చిత్తుప్రతి మాత్రం క్లాసులోనే, నలభై నిమిషాల్లో, చేత్తో రాయించి లెక్చరర్ సంతకం పెట్టాలి. ఇంటికి పంపితే ముందు చివరి ప్రతి తయారవుతుంది, దాన్ని చెడగొట్టి చిత్తుప్రతి అంటారు!

నాలుగు మాటలు మార్చేస్తే సొంతమైపోతుందని నిజంగానే నమ్మే పిల్లలు చాలామంది. వాళ్లకు ఎవరూ నేర్పలేదు మరి. ఒక పేరా చదివించి, పుస్తకం మూయించి, నాలుగు వాక్యాల్లో రాయించి, మూలంతో పక్కపక్కన పెట్టి చూపాలి. పుస్తకం పేరు, పేజీ సంఖ్య వేయడం కూడా అప్పుడే చెప్పేయొచ్చు.

అరవై మందివి దిద్దేదెలా అంటారా? రెండు పేజీలకు మించొద్దని చెప్పాలి. పది పేజీలు ఎవరూ చదవరని పిల్లలకు ఎలాగూ తెలుసు. మౌఖికం రోజుకు పది మందికి, తలా మూడు నిమిషాలు: “చిత్తుప్రతిలోని ఈ వాక్యం ఎందుకు తీసేశావు?” అని అడిగితే చాలు.

— ఒక అర్థశాస్త్ర అధ్యాపకురాలు, గుంటూరు