జామీను సంతకం, తెగిన గొలుసు

సంపాదకుల వారికి,

నమస్కారం. పోయిన నెల నేనొక కాగితం మీద సంతకం పెట్టనన్నాను. మా బామ్మర్ది స్నేహితుడు ఒకాయన టిప్పర్ కొనడానికి ఫైనాన్సులో అప్పు తీసుకుంటున్నాడు, ఇద్దరు జామీను ఉండాలన్నారంట, నాకా నెలనెలా పింఛను వస్తుంది, ఇంకేం, వాళ్ల కళ్లన్నీ నా మీదే. "ఊరికే ఫార్మాలిటీ బావా, ఒక్క సంతకం" అన్నాడు బామ్మర్ది. ఉత్త ఫార్మాలిటీ అయితే పింఛను వచ్చేవాడే ఎందుకయ్యా, దారిన పోయేవాడిదైనా సరిపోవాలి కదా అన్నాను. అంతే. ఆ ఇంటి నుంచి పలకరింపు బంద్, మా ఆవిడ రెండు రోజులు ముభావంగా తిరిగింది, మా వీధి చివర టీ అంగడి దగ్గర ఒకాయనైతే మొహం మీదే "నీదంతా భయం సార్" అనేశాడు.

భయమే అనుకుందాం. దేని గురించి భయమో కూడా చెప్పాలి కదా. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది, అందులో 128వ సెక్షన్ ఏం చెబుతుందంటే, వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో జామీను ఉన్నవాడి బాధ్యతా అంతే. అతను వాయిదాలు ఎగ్గొడితే ముందు అతని టిప్పర్ పట్టుకుని, అది చాలకపోతేనే నా దగ్గరికి రావాలనే నియమం ఏమీ లేదు, నేరుగా మా గుమ్మం ముందుకే రావచ్చు. ఈ సంగతి సంతకం పెట్టేవాళ్లలో ఎంతమందికి తెలుసు? నేను మాత్రం ఎప్పటినుంచో ఒక లెక్క పెట్టుకున్నాను. పోతే పోయిందిలే అనుకోగలిగినంత డబ్బు చేతికి ఇస్తాను, ఎంత పోతుందో తెలియని కాగితం మీద పేరు రాయను. 20 వేలు ఇస్తానని కూడా చెప్పాను. తీసుకోలేదు, అది వాళ్లిష్టం.

కానీ ఆ 'భయం' అన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. మన దగ్గర ముందూ వెనకా చూసుకునేవాడిని పిరికోడంటారు, తెగించి దూకేవాడిని మొగోడంటారు, దూకినవాడు మునిగితే వాడి తలరాత అంటారు. సీమ అంటేనే తెగువ అని మనకు మనమే ఒక పేరు కూడా తగిలించుకున్నాం. వివేకం అన్న మాటకు సంస్కృతంలో వేరు చేయడమనే అర్థం అంట. మా అమ్మ చేటలో వేరుశనగ బుడ్డలు చెరిగేది, పొట్టు ఒకపక్క, తాలు ఒకపక్క, గట్టి గింజలు చేటలో. నాకు ఆ మాట వింటే అదే గుర్తొస్తుంది. చెరగడానికి భయంతో పనేముంది, కన్ను ఉండాలి, చెయ్యి తిరగాలి, తాలును పారబోయడానికి మనసొప్పాలి. ఆ చివరిది ఉందే, అదే కష్టం.

మాది వేంపల్లె దగ్గర పల్లె, ఉద్యోగం వచ్చాకే కడపకు వచ్చాం. మా చిన్నాయనకు అయిదెకరాల చీనీ (బత్తాయి) తోట ఉండేది. మొదటి బోరు 180 అడుగులకే నీళ్లు పడ్డాయి, ఆ నీళ్లు చూసుకునే చెట్లు నాటాడు. చెట్లు కాపుకొచ్చేసరికి బోరు అడుగంటింది. ఇంకొకటి వేశాడు, అది కొన్నాళ్లు పోసి ఆగింది. ఆ తర్వాత టెంకాయ అరచేతిలో పెట్టుకుని తిరిగేవాడొకడు వచ్చి పాయింటు చూపిస్తాడు, రాత్రికి రాత్రి రిగ్గు బండి వస్తుంది, తెల్లారేసరికి దుమ్ము తప్ప ఏమీ ఉండదు. మొత్తం తొమ్మిది బోర్లు, చివరిది 700 అడుగులు దాటింది, పిన్నమ్మ మెడలో గొలుసు కుదువకు పోయింది. ఆయనేం తెలివితక్కువవాడు కాదు, మాలో లెక్కాచారం బాగా తెలిసినవాడాయనే. కానీ ప్రతిసారీ ఒకటే మాట, "ఇంత పెట్టినాం గదా, ఇంగొక్కటి వేస్తే పోతుంది". పోయినదాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి ఉన్నదాన్ని పెట్టడం అన్నమాట, పేకాటలో కూర్చున్నవాడి లెక్కా ఇదే.

ఆయన పక్క చేనాయన మాత్రం నీళ్లు సగానికి పడిపోయిన ఏడాది నాలుగెకరాల తోటలో రెండెకరాల చెట్లు తన చేతులతో తనే కొట్టేశాడు, కాసే చెట్లు. ఊరంతా వచ్చి చూసింది. పిచ్చి పట్టిందన్నారు, వాళ్లావిడ చేను గట్టు మీద కూర్చుని ఏడ్చింది. మిగిలిన రెండెకరాలకు ఆ నీళ్లే డ్రిప్పులో సరిపెట్టాడు, అవి బతికాయి. మా చిన్నాయన అయిదెకరాలూ ఎండి కట్టెల కింద పోయాయి. ఇద్దరిలో ఎవరిది తెగువ అంటారు? నా మటుకు నాకు కాసే చెట్టు మీద గొడ్డలి వేసినవాడిదే. నీళ్లు, భూమి, చెట్ల రక్షణకని తెచ్చిన వాల్టా చట్టం 2002 నుంచి ఉంది, బోరు వేయాలంటే అనుమతి కావాలి, ఇరుగుపొరుగు బోర్లకు మధ్య దూరం చూడాలి, అన్నీ కాగితం మీద ఉన్నాయి, రాత్రిపూట వచ్చే రిగ్గు బండికి చదువు రాదు కాబోలు.

మా అక్కను పోరుమామిళ్లలో ఇచ్చాం. అక్కడి పెద్ద చెరువు చూడనివాళ్లు ఒకసారి చూసి రండి, మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించింది, 1369 నాటి శాసనం ఉంది. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో రాశారు. రాజును పొగడటం అందులోనూ ఉంది లెండి, అది ఏ కాలంలోనైనా తప్పదు. నాకు ఆశ్చర్యం ఏంటంటే, మంచి చెరువుకు ఏమేం ఉండాలో పన్నెండు విషయాలు చెప్పి, ఆ తర్వాత ఏవి ఉంటే చెరువు చెడిపోతుందో ఆరు దోషాలు కూడా చెక్కించారు. కట్టలోంచి నీళ్లు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు మధ్యలో మెరక, నీళ్లు తక్కువై తడపాల్సిన భూమి ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై నేల తక్కువ కావడం. ఆ అయిదోది చదివినప్పుడు నాకు మా చిన్నాయన తోటే కళ్ల ముందు కనిపించింది. ఇప్పుడు మనం ఏ కాలవకు కొబ్బరికాయ కొట్టినా శిలాఫలకం మీద వచ్చినవాళ్ల పేర్లు, హోదాలు, తేదీ. ఎన్ని వేల ఎకరాలకు నీళ్లిస్తామో మైకులో చెబుతారు, ఆ నీళ్లు ఏ ఏడాది రావో ఎవరూ చెప్పరు. చెరువు కట్టించినప్పుడే అది ఎక్కడ చెడే అవకాశం ఉందో రాతి మీద చెక్కించిన ప్రభువు 650 ఏళ్ల కింద మన జిల్లాలో ఉన్నాడు, ఇంతకుమించి నేను చెప్పేదేముంది.

మూడో దోషం చదివితే మాత్రం తుంగభద్ర గుర్తొచ్చి నవ్వొచ్చింది. డ్యాం హోస్పేట దగ్గర, నీళ్లు మూడు రాష్ట్రాలవి, చూసుకోవడానికి బోర్డు. 2024 ఆగస్టు 10 రాత్రి 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. డ్యాం నిండిందని సంబరపడి నారుమళ్లు పోసుకున్న హెచ్చెల్సీ (ఎగువ కాలవ), ఎల్లెల్సీ (దిగువ కాలవ) రైతులకు ఆ వారం నిద్ర లేదు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారు ఆ వయసులో అక్కడే ఉండి, గేటు పోయిన చోట అడ్డంగా దించే స్టాప్‌లాగ్ పలకలు అప్పటికప్పుడు చేయించి, పారే నీళ్లలోనే దింపించారు. ఆయనకు, ఆ కూలీలకు ఎన్ని దండలు వేసినా తక్కువే. నా బాధ వేరే. ఆ గొలుసు తుప్పు పట్టిందని ముందే చూసి, ఎండాకాలంలో ఎవరైనా మార్పించి ఉంటే ఆ మనిషి పేరు మనకు తెలిసేదా? తెగని గొలుసుకు దండ ఎవరు వేస్తారు? వరదలో ఈదినవాడు టీవీలో కనిపిస్తాడు, వరద రాకుండా చూసినవాడి మీద ఖర్చు దండగ అని ఆడిట్ వాళ్లు రాస్తారు.

అన్నమయ్య ప్రాజెక్టు గురించి రాయాలంటే చెయ్యి ఆడదు. 2021 నవంబరు 19, చెయ్యేరు నది, అప్పటికి అది మన జిల్లానే. పైన పింఛా ప్రాజెక్టు కట్ట తెగింది, కింద అన్నమయ్య మట్టికట్ట కొట్టుకుపోయింది, అయిదు గేట్లలో ఒకటి పనిచేయని స్థితిలో ఉందని ఆ తర్వాత అందరూ మాట్లాడారు. అంత వరదకు ఆ ఒక్క గేటు లేచినా కట్ట ఆగేదా ఆగదా అన్నది ఇంజనీర్లు తేల్చాల్సింది, నేను కాదు. ఆ వరద ముంచిన పులపుత్తూరు, మందపల్లె, తొగూరుపేట వాళ్లను అడిగితే వాళ్లకు ఈ చర్చ అక్కర్లేదు.

ఇదంతా చదివి నన్ను పెద్ద వివేకవంతుడు అనుకోకండి. మా నాయనకు ఒక కంట్లో చూపు మసకబారుతోందని చెబితే, శుక్లం అయ్యుంటుంది, వయసు కదా, కోతలయ్యాక చూపిద్దాం, పిల్ల పెళ్లయ్యాక చూపిద్దాం అని ఏడాదిన్నర నెట్టాను. తొందరపడి ఆపరేషన్ చేయిస్తారు, మనం నిదానంగా ఆలోచించాలి అని పైగా ఇంట్లో ఉపన్యాసం. తీరా చూపిస్తే నీటికాసులు, అదే గ్లాకోమా. ఆ జబ్బులో పోయిన చూపు వెనక్కి రాదు, ఉన్నదాన్ని కాపాడుకోవడమే అని డాక్టరు చెప్పారు. శుక్లానికి ఆగొచ్చు, దీనికి ఆగకూడదు, రెండింటినీ వేరు చేసి చెప్పేది పరీక్ష ఒక్కటే, అది నేను చేయించలేదు. నిదానమే ప్రధానం అంటాం, ఆలస్యం అమృతం విషం అనేదీ మనమే, ఏది ఎక్కడ వాడాలో తెలియక రెండూ తిరగేసి వాడుతుంటాం. సంతకం పెట్టేచోట తొందర, ఆసుపత్రికి పోయేచోట నిదానం. ఆఫీసుల్లో కూడా ఇదే వరస, ఫైలు మీద 'పరిశీలించి' అని రాసి పక్కన పెట్టడాన్ని జాగ్రత్త అంటారు. 30 ఏళ్ల సర్వీసులో నేనూ రాశాను, ఎన్నిసార్లు రాశానో ఇప్పుడు లెక్క చెప్పలేను.

మధ్యలో ఒక మాట, నాలాంటి రిటైరైనవాళ్ల కోసం. ఫోన్లో పోలీసు యూనిఫాం వేసుకుని డిజిటల్ అరెస్టు అని బెదిరించేవాడు మిమ్మల్ని ఫోన్ పెట్టనివ్వడు, ఇంట్లోవాళ్లతో మాట్లాడనివ్వడు, ఎందుకంటే పది నిమిషాలు టైమిస్తే మీకే అనుమానం వస్తుందని వాడికి తెలుసు. అలాంటి అరెస్టు మన చట్టంలో ఎక్కడా లేదు. పెట్టేయండి, కొడుకునో కూతురినో పిలవండి, డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చేయండి.

ఇక మీ పత్రికకు నాదొక విన్నపం, అసలు ఈ ఉత్తరం దానికోసమే. ఏటా వానలు మొదలయ్యే ముందు, మే నెలలో, జిల్లా పేజీలో ఒక చిన్న పట్టిక వేయండి. మైలవరం, గండికోట, బ్రహ్మంసాగర్, బుగ్గవంక, వీటికి ఎన్ని గేట్లు, వాటికి చివరిసారి గ్రీజు ఎప్పుడు పెట్టారు, గొలుసులో రోపులో ఎప్పుడు మార్చారు, ఎత్తి దించి చూసిన తేదీ ఏది, కరెంటు పోతే జనరేటర్ ఉందా, దాంట్లో డీజిల్ ఉందా. అడిగితే చెప్పకపోతే 'చెప్పలేదు' అని వేయండి, అదీ వార్తే. గేట్లు, కాలవలు చూసుకునే లష్కర్లలో పని సరిగ్గా చేసినవాళ్లు ఎవరైనా ఉంటే ఆ మనిషి ఫోటో కూడా వేయండి. వరద వచ్చినప్పుడు మీరు నాలుగు పేజీలు ఇస్తారు, అందులో పావు పేజీ మే నెలకు ఇవ్వండి చాలు. కత్తిరించి మా టీ అంగడి గోడకు నేనే అంటిస్తాను, ఆ 'భయం' అన్న పెద్దమనిషి రోజూ కూర్చునే బల్ల ఎదురుగానే.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
కడప