2025 వార్షిక నివేదిక: కార్యదర్శి సభ్యులకు సమర్పించినది

మతసామరస్యం కోసం పనిచేసే మన కడప సంఘం సభ్యులందరికీ నమస్కారం, సలాం.

ఈసారి ఉగాది మార్చి 30న, రంజాన్ 31న వచ్చాయి. ఉగాది నాడు దేవుని కడప గుడి ముందు ఎప్పటిలాగే ముస్లిం కుటుంబాలు బారులు తీరాయి. స్వామిని పెళ్ళాడిన ముస్లిం ఆడపడుచుగా చెప్పుకునే బీబీ నాంచారమ్మ వరసన వెంకటేశ్వరస్వామి వాళ్ళింటి అల్లుడు. మన సభ్యులు అక్కడ పానకం పంచారు, మరునాడు ఈద్గా దగ్గర మంచినీళ్ళు పెట్టారు. ఫొటోలు బాగా వచ్చాయి. కడప గురించి బయటివారికి మనం గొప్పగా చూపించేది ఆ ఫొటోలనే. మిగతా సంవత్సరం ఫొటోలకు ఎక్కేది కాదు.

ఏప్రిల్ 22న కశ్మీర్‌లోని పహల్గామ్‌లో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. మతం అడిగి మరీ చంపారు. పర్యాటకులను కాపాడబోయిన స్థానిక ముస్లిం యువకుడు, గుర్రాలు నడిపి బతికేవాడు, అతనూ ఆ 26 మందిలో ఉన్నాడు. మనం కొవ్వొత్తుల ప్రదర్శన పెట్టుకున్నాం. ముస్లిం సభ్యులు బ్యానరు పట్టుకుని ముందు వరసలో నడిస్తే బాగుంటుందని ఒకరు సలహా ఇచ్చారు. సలహా ఇచ్చింది నేనే. మన సంఘంలో అందరికన్నా పెద్దాయన, రిటైరైన తపాలా ఉద్యోగి, నన్ను పక్కకు పిలిచి, "నేను ఏడుస్తూనే వస్తాను బాబూ, కానీ నా ఏడుపును సాక్ష్యంగా చూపించకు" అన్నారు. ఆ రోజు ఆయన మధ్య వరసలో నడిచారు. నేను చివర నడిచాను.

మే 10న శంషాబాద్‌లో కరాచీ బేకరీ శాఖ మీద దాడి జరిగింది. దేశ విభజనప్పుడు ఇల్లూ ఊరూ వదిలి వచ్చిన సింధీ హిందువు 1953లో హైదరాబాద్‌లో పెట్టిన బేకరీ అది. పేరులో కరాచీ ఉంది కాబట్టి శత్రువైపోయింది. ఈ సంగతి సమావేశంలో చెబితే కొందరు నవ్వారు. అయితే ఆ దుకాణం నిజంగానే ముస్లింలదైతే రాళ్ళు వేయడం సబబేనా అని ఒక కాలేజీ అమ్మాయి అడిగింది. నవ్వు ఆగిపోయింది.

ఈ ఏడాది మనం చేసిన పనుల్లో నాకు లెక్కకు వచ్చేది ఒక్కటే. జులై 17న ఢిల్లీ హైకోర్టు, కరోనా వ్యాప్తికి కారణమని నింద మోసిన ముస్లిం మత ప్రచార సంస్థ తబ్లీగీ జమాత్ వ్యవహారంలో 70 మంది భారతీయుల మీద ఉన్న 16 అభియోగపత్రాలను కొట్టేసింది. 2020 మార్చిలో జమాత్‌కు వచ్చిన విదేశీయులకు ఆశ్రయం ఇచ్చారన్నది వాళ్ళమీద మోపిన నేరం. లాక్‌డౌన్‌లో ఢిల్లీలోని జమాత్ కేంద్రం మర్కజ్‌లో చిక్కుకుపోయి ఉండటం నేరం కాదని కోర్టు తేల్చింది. విదేశీయుల మీద పెట్టిన కేసుల్లో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం 2020 ఆగస్టులోనే వాళ్ళను బలిపశువులను చేశారని, పత్రికలు, టీవీలు పెద్దఎత్తున దుష్ప్రచారం సాగించాయని రాసింది. మన గ్రంథాలయం అటక మీద 2020 ఏప్రిల్ పత్రికల కట్ట ఉంది. దించి, ఈ జులై పత్రికల పక్కన పరిచాం. అప్పుడు మొదటి పేజీలో వరసగా రోజులకు రోజులు. ఇప్పుడు లోపలి పేజీలో వేలెడంత. కొన్నింటిలో అదీ లేదు.

ఆ ఏప్రిల్‌లో మన వీధిలోకి కూరగాయల బండి తెచ్చే వ్యక్తిని రావద్దన్నాం. గడ్డం చూసి అన్నాం. అన్నవారిలో ఇప్పటి కార్యవర్గ సభ్యులూ ఉన్నారు. తీర్పు సారాంశం తెలుగులో రెండు పేజీలు రాసి, అప్పట్లో వదంతులు తిరిగిన వాట్సాప్ గ్రూపుల్లోనే పెట్టాం. చాలామంది చూశారు, ఎవరూ పలకలేదు. ఒక కాపీ తీసుకుని ముగ్గురం ఆ బండి మనిషి ఇంటికి వెళ్ళాం. ఇప్పుడు బండి లేదు, ఆటో నడుపుతున్నాడు. టీ ఇచ్చాడు. కాగితం చదవలేదు, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇళ్ళ అద్దె విషయంలో మనం ఓడిపోయాం. బదిలీ మీద వచ్చిన, నూర్‌బాషా (దూదేకుల) ముస్లిం వర్గానికి చెందిన ఉపాధ్యాయురాలు ఫోనులో మాట్లాడినంతసేపూ ఇల్లు ఖాళీయే. ఆమెది ఇంట్లో కూడా తెలుగే. పేరు చెప్పగానే ఇల్లు వేరేవాళ్ళకు ఇచ్చేశారు. ఆ యజమాని మన సంఘ సభ్యుడు, చందా క్రమం తప్పకుండా కట్టేవాడు. తనకు అభ్యంతరం లేదని, పై వాటా వాళ్ళు ఒప్పుకోరని ఆయన వాదన. పై వాటా వాళ్ళను అడిగితే తమను ఎవరూ అడగలేదన్నారు. ఆయన సభ్యత్వం మీద కార్యవర్గం రెండుగా చీలింది, నిర్ణయం వాయిదా పడింది. ఆమె ఊరి అవతల ఇల్లు చూసుకున్నారు.

చదువరుల వేదిక మూడుసార్లు కూడింది. ముస్లింల నాలుగు శాతం రిజర్వేషన్ గురించి జరిగిన సభకు ఎక్కువమంది వచ్చారు. ఎన్నికల వేదికలెక్కి మతానికి కోటా అని అరిచేవారు ఆ కోటా వర్తించే బీసీ-ఈ (వెనుకబడిన తరగతుల్లో ఈ విభాగం) జాబితా తెరిచి చూస్తే, అది 2007 చట్టంలో చెప్పిన వెనుకబడిన ముస్లిం వర్గాలకే పరిమితమని, సయ్యద్, మొఘల్, పఠాన్ వంటివారికి అందులో చోటు లేదని తెలుస్తుంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి ఈ అక్టోబరు 31న అజారుద్దీన్ ప్రమాణం చేసేదాకా ముస్లిం మంత్రే లేని సంగతీ చర్చకు వచ్చింది. అదీ ఉపఎన్నిక ముంగిట. దళిత క్రైస్తవుల సభ మాత్రం పలచగా జరిగింది. ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసిన 1950 రాష్ట్రపతి ఉత్తర్వును సిక్కుల కోసం 1956లో, బౌద్ధుల కోసం 1990లో సవరించారు. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని మన ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023లో చేసిన తీర్మానం తీర్మానంగానే ఉంది. ఆదివారం చర్చికి, సోమవారం కాగితంలో హిందువుగా వెళ్ళే సభ్యుడు ఒకరు మాట్లాడతానని చెప్పి, చివరికి రాలేదు. పిలిచినవాళ్ళం అతని భయాన్ని ముందే ఊహించాల్సింది.

జమాఖర్చులు కోశాధికారి చదువుతారు. అటక మీద పత్రికలకు చెద పట్టింది, ఇనుప బీరువా కొనాలి. 2026లో కూడా ఉగాది, రంజాన్ ఒకే వారంలో పడుతున్నాయి. పానకం బిందెలు చాలలేదని పోయినసారి ఫిర్యాదు వచ్చింది, రెండు ఎక్కువ తెప్పిస్తాం. అద్దె ఇంటి వ్యవహారంలో వాయిదా పడిన నిర్ణయం ఈ రోజు ఎజెండాలో మొదటి అంశం. ఆ సభ్యుడు కూడా వచ్చి కూర్చున్నారు.