గుడ్డ కప్పు గోదాములు కొనేవారు గాలి లెక్క అడగాలి

సంపాదకులకు నమస్కారం.

కోస్తాలో ఖరీఫ్ వరి కోతలు, బంగాళాఖాతంలో తుపాన్లు ఏటా ఒకే కాలంలో వస్తాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటినప్పుడు బరకాలు కప్పి ఉంచిన ధాన్యం కూడా ఎంతగా తడిసిందో రైతులకు గుర్తుండే ఉంటుంది. ఇలాంటి నష్టం చూసినవారికి ఉక్కు ఫ్రేము మీద పీవీసీ పూత పూసిన పాలిస్టర్ గుడ్డను బిగించి కట్టే గోదాములు సహజంగానే ఆకర్షణీయంగా కనిపిస్తాయి. ఇవి త్వరగా లేస్తాయి, మధ్యలో స్తంభాలు ఉండవు కనుక లారీలు, ట్రాక్టర్లు లోపలే తిరగగలుగుతాయి, అవసరమైతే విప్పి మరో చోట నిలబెట్టుకోవచ్చు. అయితే వీటిని చదరపు అడుగు ధరను బట్టి, గుడ్డ మందాన్ని బట్టి ఎంచుకునే పద్ధతి మన ప్రాంతానికి తగినది కాదని విశ్రాంత సివిల్ ఇంజనీరుగా నా అభిప్రాయం.

మామూలు కట్టడంలో పునాది బరువును మోస్తుంది. గుడ్డ కప్పు కట్టడంలో మాత్రం పునాదికి అసలు పని కట్టడాన్ని పైకి లేవకుండా పట్టి ఉంచడం. గాలి కప్పు మీదుగా వీచేటప్పుడు దాన్ని పైకి పీలుస్తుంది. గాలికి ఎదురుగా ఉన్న తలుపు తెరిచి ఉన్నా, ఊడిపోయినా లోపల చేరిన గాలి కింది నుంచి కూడా తోస్తుంది. భారతీయ ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం విశాఖపట్నం, విజయవాడ, నెల్లూరులకు లెక్కలో తీసుకోవలసిన మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. హైదరాబాద్‌కు అది 44 మీటర్లు, కర్నూలుకు 39 మీటర్లు. ఇతర గుణకాలు కలపకముందు 50 మీటర్ల వేగానికి వచ్చే ఒత్తిడి చదరపు మీటరుకు దాదాపు 150 కిలోలు కాగా, 39 మీటర్లకు అది 93 కిలోల దగ్గర ఆగుతుంది. ఒత్తిడి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కనుక తేడా ఇంత ఉంటుంది. కర్నూలుకు, విశాఖకు ఒకే డ్రాయింగు, ఒకే ధర ఇచ్చే విక్రేత ఈ రెండు ఊళ్లలో ఒకదానికి లెక్క వేయలేదనే అనుకోవాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. 20 మీటర్ల వెడల్పు గల గోదాములో 5 మీటర్లకొక ట్రస్సు (కప్పును మోసే ఉక్కు చట్రం) ఉంటే, ఒక్కో ట్రస్సు మీద 100 చదరపు మీటర్ల కప్పు పడుతుంది. పైకి లాగే నికర బలాన్ని చదరపు మీటరుకు 100 కిలోలుగా తీసుకున్నా ట్రస్సుకు 10 టన్నులు, అంటే ఒక్కో కాలికి 5 టన్నులు. గుడ్డ బరువు చదరపు మీటరుకు ఒక కిలో కూడా ఉండదు, ఫ్రేము బరువు కలిపినా ఆ లాగుడుకు సరిపోదు. చుట్టూ ఉన్న మట్టి సాయాన్ని పక్కన పెడితే 5 టన్నులను ఆపడానికి రెండు ఘనపు మీటర్లకు పైగా కాంక్రీటు కావాలి. డెల్టాలో వానాకాలం భూగర్భ జలం పైకి వచ్చి పునాది నీటిలో మునిగితే కాంక్రీటు తన బరువులో మూడింట రెండు వంతులకు దగ్గరగా కోల్పోతుందని కొందరు భయపెడతారు. అది అతిశయోక్తి. నిజంగా పోయేది నూటికి 40 వంతులు. అయినా అప్పుడు కావలసిన కాంక్రీటు మూడున్నర ఘనపు మీటర్లు దాటుతుంది. భద్రతా గుణకం ఇంకా కలపలేదు. కొటేషన్లలో చాలాసార్లు ‘పునాది కొనుగోలుదారుదే’ అని చివర చిన్న అక్షరాల్లో ఉండే మాటకు అర్థం ఈ ఖర్చంతా మనదేనని.

ఇంతకంటే లోతుగా దాగి ఉండే విషయం మరొకటి ఉంది. అదే ప్రమాణం తాత్కాలిక షెడ్లను ఐదేళ్ల ఆయుష్షుకు లెక్కించడానికి అనుమతిస్తుంది. అలా లెక్కిస్తే గాలి ఒత్తిడి దాదాపు సగానికి తగ్గుతుంది, ఉక్కు తగ్గుతుంది, ధరా తగ్గుతుంది. పదిహేనేళ్లు ఉంటుందని అమ్మే గోదాముకు ఐదేళ్ల షెడ్డు లెక్క వేయడం న్యాయం కాదు. పైగా 2015లో సవరించిన ప్రమాణం ప్రకారం తూర్పు తీరం వెంబడి సుమారు 60 కిలోమీటర్ల వెడల్పున పారిశ్రామిక కట్టడాలకు గాలి వేగాన్ని 1.15తో హెచ్చించాలి, అంటే ఒత్తిడి దాదాపు మూడో వంతు పెరుగుతుంది. కాబట్టి ఏ ఆయుష్షుకు, ఏ గుణకాలతో లెక్క వేశారో స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకంతో రాసివ్వమని అడగడం కొనేవారి హక్కు. కొన్ని కేటలాగుల్లో మంచు భారం గురించి ఒక పేజీ నిండా ఉంటుంది. రేపల్లెలో మంచు కురిసేటప్పుడు దాన్ని చదువుకోవచ్చు.

గుడ్డ ఎంపిక లోపల పెట్టే సరుకును బట్టి ఉండాలి. వెలుతురు చొరబడే తెల్ల గుడ్డ పాడి పశువులకు, యంత్రాల మరమ్మతులకు బాగుంటుంది, పగలు దీపాల ఖర్చు ఉండదు. గుంటూరు మిరపకు, నిజామాబాద్ పసుపుకు మాత్రం ఆ వెలుతురే శత్రువు. రంగు వెలిస్తే ధర పోతుంది కనుక అక్కడ వెలుతురును ఆపే గుడ్డ అడగాలి. ఎరువులు నిల్వ చేసేవారు గుడ్డ తుప్పు పట్టదని నిశ్చింతగా ఉండకూడదు. ఫ్రేము లోపలే ఉంటుంది, ఎరువు తేమను పీల్చుకుని ఉక్కును తింటుంది. రంగు పూసిన ఫ్రేము అక్కడ పనికిరాదు, వెల్డింగు పూర్తయ్యాక కరిగిన జింకులో ముంచి తీసినదే కావాలి. ఎలుకలకు గుడ్డ అడ్డు కాదు, ధాన్యానికైతే చుట్టూ మూడు నాలుగు అడుగుల ఇటుక గోడ తప్పదు.

ఫ్రేము కంటే గుడ్డ ముందు పోతుంది. అందుకే గుడ్డ మొత్తం ఒకే పలకగా ఉందా, ట్రస్సుకూ ట్రస్సుకూ మధ్య విడివిడిగా బిగించారా అన్నది ముఖ్యం. విడిగా ఉంటే చిరిగిన భాగాన్నే మార్చుకోవచ్చు. వారంటీ చాలాచోట్ల ఏటేటా తగ్గుతూ పోయే రకం కనుక పదో ఏట చిరిగితే చేతికి ఎంత వస్తుందో ముందే అంకెల్లో రాయించుకోవాలి.

ముప్పై అడుగుల వెడల్పుకు మించి అవసరం లేని చిన్న రైతు వీటి జోలికి వెళ్లనవసరం లేదు. మంచి రేకుల షెడ్డు సరిపోతుంది, స్థానిక వెల్డరు దాన్ని బాగుచేయగలడు. గోదాము రసీదుపై రుణం తీసుకోవాలనుకునే సంఘాలు ఇలాంటి కట్టడాన్ని అంగీకరిస్తారో లేదో బ్యాంకును ముందుగా అడిగి రాతపూర్వకంగా తీసుకోవాలి.

మార్కెట్ కమిటీలు, సహకార సంఘాలు పిలిచే టెండర్లలో జిల్లా గాలి వేగం, లెక్కించిన ఆయుష్షు, పునాది డ్రాయింగు, నేల పరీక్ష నివేదిక, మొదటి రెండేళ్లు గుడ్డను తిరిగి బిగించే బాధ్యత తప్పనిసరి షరతులుగా ఉండేలా రెండు రాష్ట్రాల మార్కెటింగ్ శాఖలు ఒక నమూనా పత్రం జారీ చేయాలని కోరుతున్నాను. వదులైన గుడ్డ గాలికి కొట్టుకుని కుట్ల దగ్గరే ముందు చిరుగుతుంది కనుక ఆ చివరి షరతును ఎవరూ బేరంలో వదులుకోకూడదు.

– విశ్రాంత సివిల్ ఇంజనీరు, తెనాలి