కార్యదర్శి నివేదిక: కంబోడియా పాటలు, మన పెట్టెలు

గౌరవ సభ్యులకు నమస్కారం.

సర్వసభ్య సమావేశంలో ఏడాది పనుల నివేదిక చదవడం మన నియమావళిలో ఉంది. అందుకే రాస్తున్నాను. అది కాక, ఈ ఏడాది నిజంగా కష్టపడిన కొందరి గురించి అందరికీ తెలియాలి. మన గ్రామఫోన్ రికార్డుల సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు.

నెలవారీ శ్రవణ సభలు వానల్లో ఒక్క నెల తప్ప అన్నీ జరిగాయి. అద్దె తీసుకోకుండా హాలు ఇచ్చిన గ్రంథాలయం వారికి, ప్రతిసారీ ఆంప్లిఫయర్ తన స్కూటర్ మీద మోసుకొచ్చిన ఉపాధ్యక్షులకు, టీ, పకోడీల బాధ్యత చూసిన మహిళా సభ్యులకు పేరుపేరునా కృతజ్ఞతలు.

ఇక ఈ సంఘం తరఫున నేను గర్వంగా చెప్పుకునేది కంబోడియా పాటల సాయంత్రం. కమిటీలో ఈ ప్రతిపాదన పెట్టినప్పుడు మన ఘంటసాల ఉండగా వాళ్ల పాటలు ఎందుకని ఇద్దరు ముగ్గురు అడిగారు. వాళ్లను తప్పుపట్టను. 2024లో ఉద్యోగాల పేరుతో మోసపోయి అక్కడ ఇరుక్కున్న మన విశాఖ కుర్రాళ్ల వార్తలు చదివాక, కంబోడియా అంటే మన ఊళ్లో ముందు గుర్తొచ్చేది అదే. అయినా మన సభ్యులొకరి అబ్బాయి పట్టుబట్టాడు. ఆ అబ్బాయి కాలిఫోర్నియాలో లాంగ్ బీచ్ దగ్గర ఉంటాడు. అక్కడ కంబోడియా కుటుంబాలు చాలా ఉన్నాయి. తనతో పనిచేసే ఒకరి ఇంట్లో దాచుకున్న 45 ఆర్‌పీఎం (నిమిషానికి 45 సార్లు తిరిగే) రికార్డుల నుంచి ఎక్కించిన పాటలు, వాళ్ల అనుమతితో మనకు పంపాడు.

ఆ సాయంత్రం రాలేకపోయిన వారి కోసం కొంచెం వివరంగా రాస్తాను. 1953లో ఫ్రాన్స్ నుంచి స్వాతంత్ర్యం వచ్చాక కంబోడియా రాజధాని నాంపెన్‌లో పాట పొంగింది. పాలకుడు సిహనూక్ స్వయంగా పాటలు కట్టేవారు. మంత్రిత్వ శాఖలకు కూడా సొంత ఆర్కెస్ట్రాలు ఉండేవట. ఫ్రెంచి పాటలు, లాటిన్ అమెరికా చాచాచా, పక్కనున్న వియత్నాంలో అమెరికా సైన్యం రేడియోలో వినిపించే రాక్ అండ్ రోల్, అన్నీ వాళ్ల ఖ్మేర్ (కంబోడియా భాష) గొంతులో కలిసిపోయాయి. గాయకుడు సిన్ సిసముత్ నర్సుగా శిక్షణ పొంది, రాజప్రాసాదం వాద్యబృందంలో పాడి, దేశమంతా పేరు తెచ్చుకున్నారు. బత్తంబాంగ్ నుంచి వచ్చిన పేదింటి అమ్మాయి రోస్ సెరె సోథియాకు సిహనూక్ ‘రాజధాని స్వర్ణకంఠం’ అని బిరుదు ఇచ్చారు. గాయని పెన్ రాన్ అల్లరి పాటలకు మారుపేరు. 1970లో సిహనూక్‌ను దించేసి యుద్ధం ముదిరి కర్ఫ్యూ పెడితే, రాత్రి పాడాల్సిన బ్యాండ్లు పగటిపూట పాడాయి.

1975 ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు సేనలు నాంపెన్‌లోకి వచ్చి ఊరు మొత్తం ఖాళీ చేయించాయి. వాళ్ల పాలన సాగింది మూడేళ్ల ఎనిమిది నెలల ఇరవై రోజులు. 15 లక్షల నుంచి 20 లక్షల మంది చనిపోయారని అంచనా. గాయకులు, వాద్యకారులు, పాటలు రాసినవాళ్లు పట్నం మనుషులు, విదేశీ పద్ధతులు మరిగినవాళ్లు అన్న లెక్కలో పోయారు. పైన చెప్పిన ముగ్గురు గాయకులూ ఆ కాలంలోనే కనుమరుగయ్యారు. ఇంట్లో రికార్డు ఉంటే ప్రాణం మీదికొచ్చే రోజులు. దాచినవీ, దేశం దాటినవీ మాత్రం మిగిలాయి.

ఆ సాయంత్రం సిసముత్ పాట ఒకటే రెండుసార్లు వేశాం. మొదటిది క్యాసెట్ నుంచి. 1979 తర్వాత అమ్మకానికి కాపీ చేసినవాళ్లు చాలా పాటల మీద ఎలక్ట్రానిక్ డ్రమ్ములు అతికించారు, కొన్నిట్లో వేగం కూడా మారింది. రెండోది అసలు రికార్డు నుంచి ఎక్కించింది. చిటపటలు బాగానే ఉన్నాయి, కానీ ఆర్గాన్, బేస్ గిటార్ దేనికది తెలుస్తోంది, గొంతు ఒక మెట్టు కిందికి దిగింది. డెబ్బైల్లో పెళ్లి ఆర్కెస్ట్రాల్లో గిటార్ వాయించిన మన సభ్యులొకరు లేచి, “ఇందాకటి డ్రమ్ము మనిషి ఎక్కడో వేరే ఊళ్లో ఉన్నాడండీ. ఇందులో అందరూ ఒకే గదిలో ఉన్నారు” అన్నారు. ఆ పాట మూడోసారి కూడా వేయమన్నారు, వేశాం.

కంబోడియా వాళ్ల కథలో నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఇంకొకటి ఉంది. 1994లో ఒక అమెరికన్ టూరిస్టు కంబోడియాలోని సీమ్ రీప్ పట్నంలో కొన్న క్యాసెట్ల నుంచి, 1996లో అమెరికాలో ఒక సంకలనం విడుదలైంది. ప్రపంచం ఆ పాటలు విని ఆశ్చర్యపోయింది. అట్ట మీద మాత్రం గాయకుల పేరు లేదు, పాట పేరు లేదు. తర్వాత విన్నవాళ్లు ఒక్కొక్క గొంతునూ గుర్తుపట్టి పేర్లు జతచేశారు. నాంపెన్‌లో సినీ దర్శకుడు రితీ పాన్ 2006లో స్థాపించిన బొఫానా కేంద్రం పాత శబ్దాలు, చిత్రాలు భద్రపరుస్తోంది. కుర్రవాళ్లు ఊరూరా తిరిగి రికార్డులు వెతికి, లేబుల్ మీదున్నది ఉన్నట్టు రాసుకుంటున్నారు.

ఇప్పుడు మన సంగతి. మన దగ్గరున్న పెట్టెల్లో సగానికి పైగా పద్య నాటకాల ప్లేట్లే, అంటే నిమిషానికి 78 సార్లు తిరిగే పాత రికార్డులు. లేబుళ్లు ఉప్పుగాలికి, బూజుకి చెరిగిపోతున్నాయి. ఆ పద్యం ఎవరిదో గొంతు విని చెప్పగలిగిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్లు ఉండగానే పేర్లు రాసుకోవాలి. దానికోసమే ఆదివారం ఉదయాల పని మొదలుపెట్టాం. మొదటి రోజు పద్నాలుగు మంది పేర్లిచ్చారు. మూడో వారానికి నలుగురం మిగిలాం. పెళ్లిళ్లు, పరీక్షలు, ఆరోగ్యం, ఎవరి ఇబ్బంది వాళ్లదే, ఒప్పుకుంటాను. కానీ రానని ఒక ఫోన్ చేస్తే ఉన్నవాళ్లం పని సర్దుకుంటాం. చెప్పకుండా మానేస్తే ఆ రోజు మొత్తం వృథా.

కొత్తగా వచ్చేవాళ్లు రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. 78 ప్లేటులో ఉండేది లక్క, దాన్ని స్పిరిట్‌తో తుడవకూడదు, కరిగిపోతుంది. ఒక రోజు స్పిరిట్ తడిపిన దూది ప్లేటుకు తగిలే సమయానికి కోశాధికారి గారు చెయ్యి పట్టుకుని ఆపారు. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక చుక్క సబ్బు, మెత్తటి బ్రష్, లేబుల్ తడవకుండా. అలాగే ఎల్‌పీ (తర్వాతి కాలపు సన్న గాడి రికార్డు) ముల్లుతో 78 వేయొద్దు, సన్న ముల్లు గాడి అడుగున రాసుకుంటుంది, గొంతు కంటే గరగర ఎక్కువ వస్తుంది. వెడల్పు ముల్లు ఈ ఏడాదే కొన్నాం.

తేమ లేని ఒక చిన్న గది కావాలని ఒక కార్యాలయానికి మూడుసార్లు అర్జీ పెట్టాం. మొదటిసారి ఫైలు కదులుతోందన్నారు, రెండోసారి సారు సెలవన్నారు, మూడోసారి అర్జీ కనపడలేదని మళ్లీ రాసిమ్మన్నారు. వచ్చే వానాకాలంలోపు గది దొరక్కపోతే కింది వరస పెట్టెల మీద ఆశ పెట్టుకోలేం.

లెక్కలు కోశాధికారి గారు చదువుతారు. వచ్చిన చందాలు ముల్లుకీ, హార్డ్ డిస్కులకీ, కవర్లకీ సరిపోయాయి, అప్పు లేదు. బాకీ ఉన్నవారు ఈ రోజే కట్టగలరు.

పాటలు పంపిన లాంగ్ బీచ్ అబ్బాయికి, రికార్డులు చెడిపోనివ్వకుండా కాపాడుకుని మనతో పంచుకున్న ఆ కంబోడియా కుటుంబానికి, ఆ సాయంత్రం కరెంటు పోతే పక్కింటి నుంచి ఇన్వర్టర్ లాగిన ఎలక్ట్రీషియన్‌కి, ఏడాది పొడవునా ఆదివారాలు వదులుకున్న ఆ ముగ్గురు సభ్యులకు సంఘం తరఫున నమస్కారాలు.

వచ్చే ఆదివారం ఉదయం తొమ్మిదింటికి నాలుగో పెట్టె తెరుస్తున్నాం. నాటకాలు చూసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే దయచేసి వెంట తీసుకురండి, కుర్చీలు వేసి ఉంచుతాం.

ఇట్లు,
కార్యదర్శి